గని మొగసాల

(సాంస్కృతికోత్సవం రెండవ రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి ఉత్సవాలలో ప్రసంగమంటే దేవాలయాల గురించో, కూచిపూడి గురించో, శతకాల గురించో ఉండటం పరిపాటి. నేను బొగ్గుగని గురించి మాట్లాడతాననీ, అందులోనూ గని లోపలి సంగతి కాక నేల మీద కనిపించే కట్టడాల గురించి మాట్లాడతాననీ చెప్పినప్పుడు కార్యదర్శిగారు కొంచెంసేపు ఆలోచించి, "పండుగ పూట బొగ్గెందుకండీ?" అని మర్యాదగానే అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగా ఈ నాలుగు మాటలు మనవి చేస్తాను.

మ్యూనిక్ నగరం పేరు చెబితే ఎవరికీ బొగ్గు గుర్తుకు రాదు. కానీ ఈ ఊరికి దక్షిణాన, ఆల్ప్స్ కొండలు మొదలయ్యే అంచున, ఒక గంట రైలు ప్రయాణం దూరంలో, నిన్నమొన్నటిదాకా బొగ్గుగనులు ఉండేవి. పెంట్స్‌బెర్గ్, హౌస్‌హామ్, పైసెన్‌బెర్గ్, పైటింగ్. ఈ పేర్లు మీరు రైల్వే బోర్డుల మీద చదివే ఉంటారు. ఇక్కడి బొగ్గును జర్మనులు పెష్‌కోలె అంటారు. పెష్ అంటే కీలు, తారు. తారులా నల్లగా నిగనిగలాడుతుంది కాబట్టి ఆ పేరు. వయసులో మాత్రం మన సింగరేణి బొగ్గు ముందు ఇది పసిపిల్ల. గోదావరి లోయ బొగ్గు 25 కోట్ల సంవత్సరాలకు పైబడినది. ఇక్కడిదానికి మూడు కోట్ల ఏళ్ళు కూడా నిండలేదు. పొరలు పలుచన, పైగా కొండలు పుట్టినప్పుడు మడతలు పడిపోయాయి. మనిషి పక్కకు పడుకుని తవ్వవలసిన చోట్లు ఉండేవి. చవకైన చమురు వచ్చాక ఈ గనులు నిలబడలేకపోయాయి. హౌస్‌హామ్ గని 1966 మార్చిలో మూతబడింది, పెంట్స్‌బెర్గ్ అదే ఏడాది సెప్టెంబరులో మూతబడింది, పైసెన్‌బెర్గ్ 1971 మార్చిలో మూతబడింది.

మన పిల్లలకు గని అంటే డాయిట్షెస్ మ్యూజియంలో కట్టిన గని. 1925లో ఆ ప్రదర్శనశాల ద్వీపం మీద కొత్త భవనంలోకి వచ్చినప్పటి నుంచి, మెట్లు దిగి, ఇరుకు దారుల వెంట నడిచి, గని లోపలి పనిని చూడటం ఈ నగరంలో బడిపిల్లలకు ఒక ముచ్చటగా ఉంటూ వచ్చింది. గొప్ప ఏర్పాటే, కాదనను. అయితే అందులో ఒక లోటు ఉంది. అది లోపలిని మాత్రమే చూపేది. గనికి ఒక వాకిలి, ఒక అరుగు, ఒక పెరడు ఉంటాయని ఆ మెట్లు దిగినవారికి తెలియదు. మన పాత ఇళ్ళకు ముందు భాగాన మొగసాల అని ఉండేది. వచ్చినవారు అక్కడ కూర్చుంటారు, వెళ్ళేవారు అక్కడ చెప్పులు తొడుక్కుంటారు, ఇంటి ఆడవాళ్ళు అక్కడే నిలబడి దారి చూస్తారు. గనికి ఉన్న ఆ మొగసాలనే ఇవాళ మీకు చూపించాలని నా కోరిక.

ముందుగా కనిపించేది ఎత్తయిన ఇనుప చట్రం, దాని తల మీద రెండు పెద్ద చక్రాలు. అవి బావి మీది గిలకలే. నూతిలో చేద దించినట్టు, కొంచెం దూరంలో ఉన్న యంత్రశాల నుంచి ఉక్కు తాడు వచ్చి, ఆ గిలకల మీదుగా తిరిగి, షాఫ్టులోకి నిట్టనిలువుగా దిగుతుంది. తాడు చివర ఒక బోను ఉంటుంది. సాధారణంగా రెండు బోనులుంటాయి. ఒకటి దిగుతుంటే రెండోది ఎక్కుతుంది, ఒకదాని బరువు రెండోదాని బరువును మోస్తుంది. అందుచేత యంత్రం ఎత్తవలసినది బొగ్గు బరువును మాత్రమే. మన ఏతాం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇంచుమించు ఇదే.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయమేమిటంటే, యంత్రం తోలే మనిషికి బోను కనిపించదు. అతని ముందు ఒక ముల్లు తిరుగుతూ బోను ఎంత లోతులో ఉందో చెబుతుంది. చెవికి గంట వినిపిస్తుంది. అంతే. ఆ గంటల మీద నూరుమంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. మన దేశపు గనులలో, ఆంగ్లేయుల పద్ధతి ప్రకారం, ఆగి ఉన్న బోనుకు ఒక గంట కొడితే పైకి, రెండు కొడితే కిందికి, మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారని అర్థం. జర్మన్ గనులలో ఒక గంటకు ఆగు అని, రెండు గంటలకు పైకి అని, మూడింటికి కిందికి అని అర్థం. చూశారా! ఒకచోట రెండు గంటలు కొడితే మనిషి ఇంటికి వస్తాడు, మరొకచోట అవే రెండు గంటలకు పాతాళానికి దిగుతాడు. భాష నేర్చుకోవటం ప్రాణరక్షణకు కూడా అవసరమని సాయంత్రపు తరగతిలో పిల్లలకు చెప్పటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక రెండో సంగతి. ఏ గనికైనా కనీసం రెండు దారులుండాలి. ఇది ఎవరో తీరిగ్గా కూర్చుని ఆలోచించి పెట్టిన నియమం కాదు. 1862 జనవరి 16న ఇంగ్లండులో హార్ట్లీ అనే గనిలో, నీళ్ళు తోడే యంత్రపు ఇనుప దూలం విరిగి షాఫ్టులో పడింది. ఆ గనికి ఉన్నది ఆ ఒక్క దారే. దారి పూడిపోయింది. 204 మంది పురుషులు, బాలురు లోపలే మరణించారు. విరిగిన దూలం లోపలిది కాదు, పైనున్న యంత్రశాలది. గని పైనున్న కట్టడానికీ కిందున్న మనిషి ఊపిరికీ సంబంధం ఎంతటిదో చెప్పటానికి ఇది చాలు. ఆ ఏడాదే అక్కడ చట్టం వచ్చింది. ఆ తరువాత ఇతర దేశాలూ ఆ నియమాన్ని పాటించాయి. ఇప్పుడు ఒక దారిన మంచి గాలి దిగుతుంది, రెండో దారిన చెడు గాలి ఎక్కుతుంది. ఆ రెండో దారి పక్కన పెద్ద పంఖా ఇల్లు ఉంటుంది. ఆ పంఖా చప్పుడు పగలూ రాత్రీ ఆగదు. గనుల ఊళ్ళలో పుట్టినవారికి ఆ చప్పుడు వినిపించదట. అది ఆగితేనే మెలకువ వస్తుందట.

స్నానాల గది గురించి కూడా చెప్పాలి. జర్మనులు దీన్ని కావె అంటారు. చాలా పెద్ద గది, పైకప్పు ఎత్తు. పైనుంచి వందలాది గొలుసులు వేలాడుతుంటాయి, ఒక్కొక్క గొలుసు చివర కొక్కెం. పనివాడు ఇంటి బట్టలు విప్పి ఆ కొక్కేనికి తగిలించి, గొలుసు లాగి కప్పుదాకా ఎక్కించి, తాళం వేసుకుంటాడు. తడిసిన పని బట్టలు కూడా అక్కడ పైన వెచ్చటి గాలికి ఆరుతాయి. చూసినవారికి ఆ కప్పు కింద మనుషులు గుంపుగా వేలాడుతున్నట్టే ఉంటుంది. స్త్రీలకు ఇది చాలా మేలు చేసింది. అంతకు ముందు ఆ మసి అంతా ఇంటికి వచ్చేది. నీళ్ళు కాచటం, వీపు రుద్దటం, బట్టలు ఉతకటం అన్నీ ఇల్లాలి పనే.

ఇవన్నీ ఒక ఎత్తు, దీపాల గది ఒక ఎత్తు. నా దృష్టిలో గని మొగసాలకు గుండెకాయ అదే.

1815లో హంఫ్రీ డేవీ తీగ వల చుట్టిన దీపం తయారు చేశాడు. ఆ దీపం వెలుగే కాదు, హెచ్చరిక కూడా ఇస్తుంది. గాలిలో మండే వాయువు ఉంటే జ్వాల మీద నీలిరంగు టోపీలాంటిది కనిపిస్తుంది. ఆ తరువాత టోపీకి తగిలించుకునే విద్యుద్దీపాలు వచ్చాయి. అయితే దీపాలు మారినా పద్ధతి మారలేదు. ప్రతి మనిషికీ ఒక సంఖ్య, ఆ సంఖ్య చెక్కిన చిన్న లోహపు బిళ్ళ ఉంటాయి. దిగేటప్పుడు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు ముగిశాక గోడ మీద ఎవరి బిళ్ళ మిగిలి ఉందో, ఎవరి దీపం తిరిగి రాలేదో, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. ప్రమాదం జరిగినప్పుడు మొదట పరుగెత్తేది షాఫ్టు దగ్గరికి కాదు, ఆ గోడ దగ్గరికి. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్ళు విరుచుకుపడి 375 మంది పోయినప్పుడూ, 2003 జూన్ 16న మన గోదావరిఖని ఏడో ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు వచ్చి 17 మంది పోయినప్పుడూ, గని గుమ్మం ముందు కాచుకున్న ఇళ్ళవాళ్ళకు తెలియవలసింది ఒక్కటే: లోపల ఎవరున్నారు?

సింగరేణి పేరు వచ్చింది కాబట్టి అక్కడికి వెళదాం.

1871 ప్రాంతంలో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనుగొన్నారు. ఆయన పేరుతోనే అక్కడ ఒక పొరకు కింగ్ పొర అని పేరు. రాజు ఉంటే రాణి ఉండాలి కదా, మరొకదానికి క్వీన్ పొర అన్నారు! 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని ఇంగ్లండులో ఒకటి ఏర్పడి, 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920 డిసెంబరులో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఒక చిన్న గ్రామం పేరు అంత పెద్ద సంస్థకు వచ్చింది. తరువాత బెల్లంపల్లి, కొత్తగూడెం, రామగుండం వైపు గనులు పెరిగాయి. ఇప్పుడు ఆ కంపెనీలో 51 వంతులు తెలంగాణ ప్రభుత్వానివి, 49 వంతులు కేంద్రానివి. ఇదంతా పుస్తకాలలో ఉన్నదే.

పుస్తకాలలో తక్కువగా ఉన్నది అక్కడి మాట. అక్కడివారు గనిని గని అనరు, బాయి అంటారు. బావి అనే మాటే తెలంగాణ నోట బాయి అయింది. "మా నాయన బాయికి పోయిండు" అంటే నీళ్ళకు కాదు, బొగ్గుకు. షాఫ్టును మొదట చూసిన రైతుకు అది బావిగా కనిపించటంలో వింత ఏముంది? గిలక ఉంది, తాడు ఉంది, లోతు ఉంది. అయితే సింగరేణిలో చాలా గనులకు నిలువు షాఫ్టు కాక ఏటవాలు సొరంగమే దారి. దాన్ని ఇంక్లైన్ అంటారు. మనుషులు నడిచి దిగుతారు, లేదా తరువాతి కాలంలో వచ్చిన కుర్చీల తాడు మీద కూర్చుని దిగుతారు. హాలేజి తాడు టబ్బులను పైకి లాగుతుంది. ఈ ఇంక్లైన్ అనే మాట తెలుగులో ఎంతగా కలిసిపోయిందంటే గోదావరిఖనిలో ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ అని ఒక పేటే ఉంది. అక్కడ పుట్టి పెరిగిన పిల్లవాడికి అది ఊరి పేరే కాని ఏటవాలు దారి కాదు.

తట్టాచెమ్మస్ అనే మాట మీలో ఎందరికి తెలుసు? చేతులెత్తండి. ఇద్దరు, ముగ్గురు. మీరు కరీంనగర్, ఆదిలాబాద్ వైపువారై ఉంటారు. తట్ట, పార పట్టి బొగ్గు నింపేవాడి పనిముట్లకు ఆ పేరు. మస్టరు అంటే హాజరు. మస్టరు పడితే ఆ రోజు కూలి వచ్చినట్టు, పడకపోతే నాగా. ఈ మాటలు పుట్టింది గని లోపల కాదు. హాజరు కిటికీ దగ్గర, దీపాల కిటికీ దగ్గర, చెట్టుకింద చాయ్ కొట్టు దగ్గర పుట్టాయి. అంటే మొగసాలలోనే.

సింగరేణి గని ముందు మరొక కట్టడం ఉంటుంది. అది ఏ ఇంజినీరు గీసిన పటంలోనూ మొదట ఉండి ఉండదు. మైసమ్మ గుడి. కొన్నిచోట్ల గుడి, కొన్నిచోట్ల వేపచెట్టు కింద పసుపు రాసిన రాయి. దిగే ముందు చెయ్యెత్తి మొక్కి దిగుతారు, బోనాలు చేస్తారు. మొక్కనివాడు కూడా ఆ ముందు నుంచి నడిచేటప్పుడు కొంచెం నెమ్మదిస్తాడని విన్నాను. జర్మనీలో ఆ స్థానం సెయింట్ బార్బరాది. డిసెంబరు 4 ఆమె పండుగ. ఇక్కడి పనివారు ఒకరినొకరు పలకరించేది గ్లుక్ ఔఫ్ అని. క్షేమంగా పైకి రా అనే భావం అందులో ఉంది. పైకి రావటమే శుభం అయిన వృత్తి అది. మైసమ్మను అడిగేది కూడా అంతకంటే ఎక్కువ కాదు.

ఇప్పుడు పెంట్స్‌బెర్గ్‌లో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఈ దేశంలో ఉంటున్న మన పిల్లలకు ఇది తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

1945 ఏప్రిల్ 28. యుద్ధం ముగియటానికి ఇంకా పది రోజులు. వెనక్కు తగ్గే ముందు కర్మాగారాలను, వంతెనలను, గనులను పేల్చివేయాలని హిట్లరు ఆజ్ఞ. ఆ తెల్లవారుజామున మ్యూనిక్‌లో కొందరు తిరుగుబాటు చేసి రేడియో ద్వారా ప్రజలను లెమ్మని పిలిచారు. పెంట్స్‌బెర్గ్‌లో హాన్స్ రుమ్మర్ అనే ఆయన, 1933లో నాజీలు వచ్చేవరకు ఆ ఊరి మేయరుగా ఉన్న సోషల్ డెమొక్రాట్, కొందరు సహచరులతో గనికి వెళ్ళాడు. గని పేల్చకుండా చూసుకుని, పురపాలక భవనానికి వెళ్ళి నాజీ మేయరును దిగిపొమ్మన్నాడు. అంతలో ఊళ్ళోకి వచ్చిన సైనికదళం వారిని పట్టుకుంది. మ్యూనిక్‌లోని గౌలైటర్ విచారణ లేకుండా చంపమన్నాడు. ఆ సాయంత్రం రుమ్మర్‌ను, సహచరులను కాల్చేశారు. రాత్రి మరొక ముఠా వచ్చి ఇంకా కొందరిని ఇళ్ళలోంచి లాగి ఉరితీసింది. మొత్తం పదహారుమంది. వారిలో స్త్రీలు ఇద్దరు. రెండు రోజుల తరువాత, ఏప్రిల్ 30న, అమెరికన్ సైన్యం వచ్చింది.

గని మిగిలింది. ఇంకా ఇరవై ఒక్క సంవత్సరాలు బొగ్గు ఇచ్చింది, ఊరికి అన్నం పెట్టింది. వారు కాపాడినది తమ సొంత ఆస్తి కాదు. యంత్రశాల, షాఫ్టు, పంపులు. పంపులు ఆగితే నీళ్ళు నిండి గని చచ్చిపోతుంది. గనివాళ్ళకు ఆ సంగతి చెప్పనక్కరలేదు.

ఇక మూడో చోటు దక్షిణాఫ్రికాలోని నేటాల్. ఇక్కడ కొంచెం ఇంటి సంగతి చెప్పక తప్పదు. నేను మూడోతరపు మనిషిని. మా తాతగారు విశాఖపట్నం వైపు నుంచి గిరిమిట్ మీద వెళ్ళి, న్యూకాసిల్ ప్రాంతంలో ఒక బొగ్గుగనిలో పనిచేశారు. మా ఇంట్లో ఉన్న ఆయన కాగితం మీద పేరు ఒక్క ముక్కే. ఇంటిపేరు లేదు, ఊరి పేరు చదవటానికి వీలులేనట్టు రాసి ఉంది. సంఖ్య మాత్రం తప్పులేకుండా ఉంది, లక్ష దాటిన ఆరంకెల సంఖ్య. మా నాయనమ్మ ఆ గనిని గని అని కాని, బాయి అని కాని అనగా నేను వినలేదు. "కంపౌండు" అనేది. ఆమె ఎన్నడూ లోపలికి దిగలేదు. ఆమె ఎరిగిన గని అంతా నేల మీదే ఉంది: రేకుల వరుస ఇళ్ళు, నీళ్ళ కుళాయి, కంచె, గేటు.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరిన నాటి నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేలమంది అలా వెళ్ళారు. ఎక్కువమంది చెరుకు తోటలకు, కొందరు రైల్వేలకు, కొందరు ఉత్తర నేటాల్ బొగ్గుగనులకు. గడువు తీరిన తరువాత స్వేచ్ఛగా ఉండదలిస్తే మనిషికి ఏడాదికి మూడు పౌన్ల పన్ను. 1913 అక్టోబరులో న్యూకాసిల్‌లో ఆ పన్ను మీద సమ్మె మొదలయింది. ఫెయిర్‌లీ గని పనివారు మొదట పని ఆపారు, తరువాత ఒక్కొక్క గనీ. ట్రాన్స్‌వాల్ నుంచి వచ్చిన స్త్రీలు గని కంపౌండ్లకు వెళ్ళి ఇంటింటికీ చెప్పారు. వారితో వచ్చినవారు తంబి నాయుడుగారు, మారిషస్‌లో పుట్టినవారు. గాంధీగారు తమ సత్యాగ్రహ చరిత్రలో ఆయనను తమిళునిగా పేర్కొంటూనే, కొంత తెలుగు కూడా వచ్చునని, అయితే ఆ అక్షరాలు తెలియవని రాశారు. పరాయి గడ్డ మీద పుట్టి, లిపి రాక, మాట మాత్రం చెవిన పట్టుకున్నవాడు. మన సాయంత్రపు తరగతిలో చేరే పెద్దలు సిగ్గుపడుతూ "మాట్లాడతాం కానీ రాయటం రాదండీ" అన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకు వస్తారు.

గని యజమానులు కొన్నిచోట్ల పనివారి ఇళ్ళకు దీపాలు, నీళ్ళు ఆపేశారు. ఇల్లు వారిది, కుళాయి వారిది, మరి ఏం చేయాలి? గాంధీగారు ఇళ్ళు వదిలి బయటికి రమ్మన్నారు. కంబళి, బట్టలు తప్ప ఏమీ తేవద్దన్నారు. నవంబరు 6న చార్లెస్‌టౌన్ నుంచి సరిహద్దు దాటి బయలుదేరినవారి లెక్క: పురుషులు 2,037, స్త్రీలు 127, పిల్లలు 57. నాలుగు రోజులు నడిచాక వారిని పట్టుకుని రైళ్ళలో వెనక్కు, ఆ గనులకే పంపారు. జైళ్ళలో అంతమందికి చోటు లేదు. అప్పుడు ప్రభుత్వం చేసిన పని ఏమిటంటే, గని కంపౌండ్లకు తీగ కంచె వేసి, వాటినే డండీ, న్యూకాసిల్ జైళ్ళకు శాఖలుగా ప్రకటించింది. గని ఉద్యోగులనే వార్డర్లుగా నియమించింది. పని చేయటమే శిక్ష అన్నారు. నిన్న హాజరు వేసినవాడే ఇవాళ జైలరు! మరుసటి సంవత్సరం, 1914లో, ఆ మూడు పౌన్ల పన్ను రద్దయింది.

చూడండి, ఒకే రకం కట్టడాలు. ఒక ఊళ్ళో వాటిని కాపాడటానికి మనుషులు ప్రాణమిచ్చారు. మరొక ఊళ్ళో వాటిని వదిలి నడిచి వెళ్ళటానికి మనుషులు ప్రాణాలకు తెగించారు. గిలక ఒకటే, గంట ఒకటే. గేటు తాళం ఎవరి చేతిలో ఉన్నదన్న దగ్గరే తేడా.

ఇప్పుడు ఈ కట్టడాల గతి ఏమిటి? జర్మనీలో ఎస్సెన్‌లోని త్సోల్‌ఫెరైన్ గని పన్నెండో షాఫ్టును 1932లో షుప్, క్రెమ్మర్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు కట్టారు. 1986లో అది మూతబడింది, 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఈ దేశపు చివరి రాతిబొగ్గు గని, బోట్రాప్‌లోనిది, 2018 డిసెంబరు 21న మూతబడింది. పెంట్స్‌బెర్గ్‌లో గనుల ప్రదర్శనశాల ఉంది. గని రాళ్ళు పోసిన గుట్ట పచ్చగా పెరిగి పిల్లలు ఆడుకునే కొండ అయింది. ఇల్లందును కూడా అక్కడివారు బొగ్గుట్ట అంటారు. పెంట్స్‌బెర్గ్ వారు వింటే సంతోషిస్తారు.

సింగరేణి సంగతి వేరు. అక్కడ బొగ్గు ఆగిపోలేదు, మొగసాల ఆగిపోతున్నది. ఇప్పుడు చాలాభాగం బొగ్గు ఓపెన్‌కాస్టు గనుల నుంచి వస్తున్నది. ఓపెన్‌కాస్టుకు షాఫ్టు లేదు, గిలక లేదు, దిగే దారి గుమ్మం లేదు. పెద్ద గొయ్యి, దాని చుట్టూ లారీల దుమ్ము. భూగర్భ గని ఒకటి మూతబడినప్పుడల్లా దీపాల గది తాళం పడుతుంది, ఇనుము పాత సామాను కింద పోతుంది, ఆ కిటికీల దగ్గర పుట్టిన మాటలు కూడా వాటి వెంటే పోతాయి. లోపల నలిగి చచ్చే ప్రమాదం తగ్గటం మంచిదే. పాత గనులు మళ్ళీ తెరవాలని నేను అనటం లేదు. తట్ట మోసినవాడి కొడుకు తట్ట మోయకూడదు. కానీ ఆ తట్ట పేరు మాత్రం కొడుకుకు తెలిసి ఉండాలి కదా.

మన వారసత్వం అనగానే వేయిస్తంభాల గుడి బొమ్మ వేసి ఊరుకుంటాం. ఆ గుడి కట్టినవారి పేర్లు మనకు తెలియవు. బాయికి దిగినవారి పేర్లు ఇంకా తెలుసుకోవచ్చు, వారి పిల్లలు ఈ సభలోనే ఉన్నారు. ఇందాక చేతులెత్తిన ముగ్గురినీ భోజనాల సమయంలో నేను వదలను. మీ నాయనగారు ఏ ఖనిలో పనిచేశారు, ఏ షిఫ్టు, మస్టరు కిటికీ ఎటువైపు ఉండేది, మైసమ్మ ఏ చెట్టు కింద ఉండేది, గని ముందు చాయ్ కొట్టు ఎవరిది, సైరను మోగితే అమ్మ ఏం చేసేది — ఇవి చెప్పండి. మీరు చెప్పిన మాట చెప్పినట్టే, తెలంగాణ మాట తెలంగాణ మాటగానే రాసుకుంటాను, దిద్దను. నేటాల్, మారిషస్, బర్మా వైపు కుటుంబాలవారు కూడా ఇంట్లో సంఖ్య వేసిన కాగితం ఉంటే, లోహపు బిళ్ళ ఉంటే, తీసుకురండి. ఫోటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తాను.

పిల్లలకు ఒక మాట. సాయంత్రపు తరగతివారిని పెంట్స్‌బెర్గ్ తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాం. టుట్జింగ్ మీదుగా కోహెల్ వైపు వెళ్ళే రైలు. ముందు ప్రదర్శనశాల, తరువాత 1945లో చనిపోయిన పదహారుమంది స్మారకం, ఆ తరువాత గుట్ట ఎక్కటం. గుట్ట మీద తినటానికి పులిహోర పొట్లాలు ఎవరు కడతారో తల్లులు ఇప్పుడే తేల్చుకుంటే మంచిది. దిగేటప్పుడు ఒకరినొకరు గ్లుక్ ఔఫ్ అని పలకరించుకోవాలి. తెలుగులో దానికి ఏమనాలో ఆలోచించి రండి. తరగతిలో నల్లబల్ల మీద అన్నీ రాద్దాం.